చెవులపిల్లికి చెంబెడు నీళ్లు



ఈ నెల ఒక చెవులపిల్లి సంగతి రాస్తున్న. నవ్వకండి. సోలాపూర్‌లో మన పూర్వభాగం గల్లీలు తిరిగి చూడండి, ఒకటో రెండో ఇండ్లల్లో తెల్ల కుందేలు కనబడుతది. పిల్లలు అడుగుతరు, పెద్దలు తెస్తరు. సంతలో కూరగాయలు కొంటుంటే నన్ను ఆపి, "మీ పింజకు మూత్రపిండంలో రాళ్లు లేసినయట గదా, ఇంకా బతికే ఉన్నదా?" అని అడిగేవాళ్లు ఎక్కువైనరు. భివండీ నుంచి, ఇచల్‌కరంజి నుంచి గూడ చుట్టాలు ఫోన్ చేసి అడుగుతున్నరు. ఒక్కొక్కరికి చెప్పే బదులు ఇక్కడ రాస్తే అందరికీ పనికొస్తది అనుకున్న.

నేను డాక్టర్‌ను కాను. మున్సిపాలిటీ తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా చదివిన. మిల్లులో వైండింగ్ ఖాతాలో పని చేసి దిగిన. కింద రాసేదంతా డాక్టరమ్మ చెప్పంగ నోట్‌బుక్కులో రాసుకున్నది, పద్నాలుగు నెలలుగా ఈ చేతులతో చేస్తున్నది.

పింజ మా ఇంట్లో పుట్టింది కాదు. మా పక్కింటి వాళ్లు పని కోసం సూరత్‌కు పోతూ నాలుగేండ్ల దాన్ని మా మనుమరాలికి ఇచ్చి పోయిండ్రు. దూదిపింజ లెక్క ఉన్నదని ఆ పేరు మా మనుమరాలే పెట్టింది. ఒక మాట ముందే చెప్తున్న. మనం ఇంట్లో పెంచుకునేది పెంపుడు జాతి కుందేలు. చేన్లలో, గుట్టల మీద ఉరికే అడవి కుందేలు వేరు. దాన్ని పట్టుడు, పెంచుడు 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. ఎవరన్నా పల్లె నుంచి పిల్లను పట్టుకొస్తే తీసుకోకండి.

పింజ వచ్చిన ఏడాదికి మార్పు కనబడ్డది. పొద్దున గిన్నె చప్పుడు వింటే ఉరికొచ్చేది, రావడం మానేసింది. మూలకు వీపు గూనిగా చేసుకొని కూసుండేది. దగ్గరికి పోతే పండ్లు పటపట కొరికే చప్పుడు. కుందేలు హాయిగా ఉన్నప్పుడు గూడ పండ్లు మెల్లగా ఆడిస్తది, కానీ అది చిన్న చప్పుడు. నొప్పికి కొరికేది గట్టిగ ఉంటది. ఖాతాలో మిషన్ల మధ్య పని చేసినవాళ్లకు ఏ చప్పుడు మంచిది, ఏది చెడ్డది అని చెవికి ఎరుకే. వెనక కాళ్ల నడుమ బొచ్చు ఎప్పుడూ తడిగా ఉండేది. ఉచ్చ పోసే పెట్టెలో చాలాసేపు కూసునేది, వచ్చేది రెండు చుక్కలు.

ఇక్కడ చాలామంది తికమక పడేది ఒకటున్నది. కుందేలు ఉచ్చ మన ఉచ్చలెక్క తేటగా ఉండదు. కొంచెం తెల్లగా, కలక కలకగా ఉండుడు దానికి మామూలే. కొన్ని ఆకులు తిన్ననాడు నారింజ రంగుగా, ఎర్రగా గూడ వస్తది. అది ఆకుల రంగు, నెత్తురు కాదు. నెత్తురా రంగా అనేది కంటితో తేలదు, దవాఖానలో పట్టీ ముంచి చూస్తరు. కానీ ఉచ్చ గోడకు వేసే సున్నం లెక్క చిక్కగా, ఎండితే ఇసుక లెక్క గరుకుగా ఉంటే మాత్రం ఆగకూడదు. పింజది అట్లనే ఉండె.

పశువుల దవాఖానకు తీసుకపోయినం. అక్కడి డాక్టరమ్మ, "నా దగ్గరికి గొడ్లు, మేకలు, కుక్కలే ఎక్కువ, కుందేళ్లు తక్కువ. నన్ను చదివించిన సార్‌ను అడిగి చెప్తా" అన్నది. ఆ మాటకే నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది. ఎక్స్‌రే తీయించి ఫోన్‌లో ఆ సార్‌కు పంపింది. ఎడమ మూత్రపిండంలో శనగ గింజంత రాయి తెల్లగా మెరుస్తున్నది. మూత్రసంచిలో సున్నపు మడ్డి పేరుకున్నది. కుడి పక్క మూత్రపిండం బాగున్నది. నెత్తురు పరీక్షలో గూడ పని నడుస్తున్నదనే వచ్చింది.

రాళ్లు ఎందుకు లేస్తయి? డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైన తీరు రాస్తున్న. మనం తిన్న తిండిలో క్యాల్షియం, అంటే సున్నపు సత్తువ, ఒంటికి ఎంత కావాలో అంత పేగులు తీసుకుంటయి. మిగిలింది దొడ్డికి పోతది. కుందేలు ఒళ్లు అట్ల కాదు. మేతలో సున్నం ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ నెత్తురులోకి తీసుకుంటది. మిగులును ఉచ్చలో వదులుతది. దాని పండ్లు బతికినన్నాళ్లు పెరుగుతనే ఉంటయి గనుక సున్నం అవసరమే. కానీ సున్నం ఎక్కువున్న మేత పెట్టి, నీళ్లు తక్కువ తాగి, చిన్న పంజరంలో కదలకుండ కూసుంటే ఆ సున్నం బయటికి పోక అడుగున పేరుతది. పేరింది గడ్డ కడుతది. కొన్నిటికి పుట్టుకతోనో, వేరే జబ్బు వల్లనో గూడ వస్తదట. అందుకే ఎవరి కుందేలుకన్నా రాయి వస్తే ఆ ఇంటివాళ్లను తప్పు పట్టకండి.

మన మిల్లువాళ్లకు రాళ్ల బాధ కొత్త కాదు. ఎండకాలం రేకుల కింద, ఆ ఉక్కలో నిలబడి చెమట కార్చి, నీళ్లు తాగితే మళ్లీ బయటికి పోవాలె, అప్పటిదాక మిషన్ ఎవరు చూస్తరు అని గొంతు ఎండబెట్టుకున్నవాళ్లు ఎందరో. నా పాళీలో నా పక్కన నిలబడే ఆమె నొప్పికి మెలికలు తిరిగి నేల మీద కూలింది, నలుగురం పట్టి బయటికి తీసుకపోయినం. ఆమెకు రాయి అని తర్వాత తేలింది. మనిషి కాబట్టి "అమ్మా" అని మొత్తుకున్నది. కుందేలు మొత్తుకోదు. దానిది వేటకు దొరికే జాతి. బలహీనంగా ఉన్నానని తెలిస్తే పట్టుకపోతరని నొప్పిని దాచుకుంటది. అది చెప్పదు, మనమే చూడాలె.

రాయి సంగతి గల్లీలో తెల్వంగనే సలహాలు మొదలైనయి. ఒకరు ఉలవకట్టు తాపమన్నరు. ఒకరు కొండపిండాకు రసం పోయమన్నరు. మరాఠీ ఆమె ఒకామె బార్లీ నీళ్లు చెప్పింది. అందరూ మంచి మనసుతోనే చెప్పిండ్రు. నేను అన్నీ నోట్‌బుక్కులో రాసుకొని పోయి డాక్టరమ్మను అడిగిన. "కుందేలుకు వచ్చే సున్నపు రాయిని కరిగించే మందు లేదు. దాని కడుపు గడ్డి కోసం చేసింది. పప్పుల కట్టు, పిండి నీళ్లు పోస్తే కడుపు ఉబ్బి, రాయి కంటే ముందు అదే ప్రాణం తీస్తది" అని చెప్పింది. ఇంకోటి గూడ చెప్పింది. మన కోసం రాసిచ్చిన మందులు దానికి వేయకూడదు. ముఖ్యంగా పెన్సిలిన్ జాతి మందులు, అమాక్సిసిలిన్ లాంటివి, నోట్లో పోస్తే దాని పేగుల్లో ఉండే మంచి క్రిములు చచ్చి కుందేలు చనిపోతది. పిల్లల దగ్గు మందు సీసా మిగిలింది గదా అని ముట్టకండి.

మరి వైద్యం ఏమిటి? మూత్రసంచిలో పెద్ద రాయి ఉంటే ఆపరేషన్ చేసి తీస్తరు. మూత్రపిండంలో రాయికి ఆపరేషన్ చాలా కష్టం. పింజకు నొప్పి తగ్గే మందు, చర్మం కింద సెలైన్ రాసింది. సెలైన్ అంటే మనకెక్కించినట్టు నరానికి కాదు. భుజాల మీద వదులుగా ఉన్న చర్మాన్ని గుడారం లెక్క పైకి పట్టి, దాని కింద సూది పెట్టి ఎక్కిస్తరు. అక్కడ బుడగ లెక్క ఉబ్బుతది, కొన్ని గంటలల్లో ఒంట్లోకి ఇంకిపోతది. నెత్తురు పలుచబడి ఉచ్చ ఎక్కువై మడ్డి కొట్టుకపోతది. మొదటి పది రోజులు రోజూ దవాఖానకు మోసినం. తర్వాత డాక్టరమ్మ నాకే నేర్పింది. తెగిన దారం కనబడీ కనబడకుండ ముడివేసిన చేతులు గదా, సూది దగ్గర వణకలేదు. సీసాను ముందు గోరువెచ్చని నీళ్లలో పెట్టి ఒంటి వేడికి తేవాలె. ఎంత ఎక్కించాలె, ఎన్ని రోజులకొకసారి అనేది బరువును బట్టి డాక్టరే చెప్పాలె. అందుకే ఆ లెక్క ఇక్కడ రాయలేదు. నేర్చుకోకుండ ఎవరూ చేయకండి.

ఖర్చు సంగతి దాచను. ఈపీఎస్ కనీస పింఛను 2014 నుంచి నెలకు 1000 రూపాయలే అని మీకందరికీ తెలుసు. నాకు వచ్చేది దానికంటే కొంచెమే ఎక్కువ. ఎక్స్‌రే, నెత్తురు పరీక్ష, మందులు కలిసి మూడు నెలల పింఛను మింగినయి. "ఆ పైసలకు బజారులో నాలుగు ససాలు వస్తయి" అని మొహం మీదనే అన్నవాళ్లు ఉన్నరు. వాళ్ల లెక్క తప్పు కాదు. కానీ ఆ మాట అన్ననాడు మా మనుమరాలు పక్కనే నిలబడి ఉన్నది. ముసలిదైతే, జబ్బుదైతే కొత్తది తెచ్చుకోవాలె అని ఆ పిల్ల మనసులో పడితే, రేపు ఇంట్లో మంచాన పడ్డోళ్లను ఏ కండ్లతో చూస్తది? నేను చాయ్ పొడి, పండుగ చీర తగ్గించుకున్న. నా కొడుకు సగం పెట్టుకున్నడు. అట్ల వెళ్లింది.

ఇప్పుడు మేత. దీంట్లోనే మన చేతిలో ఉన్నది చాలా ఉన్నది.

కుందేలు కడుపు నింపవలసింది గడ్డి. ఎండుగడ్డి, పచ్చిగడ్డి ఎప్పుడూ ముందు ఉండాలె. గణపతికి పెట్టే గరిక ఉన్నదే, మరాఠీలో హరళీ అంటరు, అది బంగారం. నేను ఊరి బయట చేన్ల గట్ల మీద కోసుకొస్త. మందు కొట్టిన చేను పక్కన, కుక్కలు తిరిగే రోడ్డు అంచున కోయకూడదు. తెచ్చినాక కడిగి పెట్టాలె.

లసూణ్ ఘాస్ అని పాల డెయిరీల దగ్గర కట్టలు కట్టి అమ్ముతరు, లూసర్న్ గడ్డి. పాలిచ్చే బర్రెలకు మంచిది. దాంట్లో సున్నం చాలా ఎక్కువ. పెరిగే కూనలకు కొంచెం పెట్టవచ్చు, పెద్ద కుందేలుకు రోజూ పెట్టకూడదు. రాయి ఉన్నదానికి అసలే వద్దు.

ఆకుకూరల్లో గూడ తేడా ఉన్నది. మనకు బలమని తినేవే దానికి బరువు. 100 గ్రాముల అవిసాకులో క్యాల్షియం 900 మిల్లీగ్రాములు దాటుతది. మునగాకులో, తోటకూరలో 300 పైన. కరివేపాకులో 600 పైన. పూలగోబీ ఆకుల్లో గూడ ఎక్కువే. ఇవి పింజకు మానేసినం. పాలకూరలో సున్నం తక్కువే గాని దాంట్లో ఉండే ఆక్సలేట్ గూడ రాళ్లకు సాయం చేస్తది, అది గూడ వద్దన్నది డాక్టరమ్మ. కొత్తిమీర రోజుకు నాలుగు రెమ్మలు, కీరదోస ముక్క, క్యాబేజీ ఆకు చిన్నది పెడుతున్నం. ఏ ఆకైనా కడిగి నీళ్లు కారంగనే పెడతం, ఆ తడి గూడ కడుపులోకే పోతది గదా. దుకాణంలో అమ్మే గోలీల మేత రోజుకు ఒక చెంచా. క్యారట్ అంటే మిఠాయి అనుకోండి, వారానికి రెండు చక్రాలు చాలు. పల్లీలు, బిస్కట్లు, భాకరి, రొట్టె వద్దు. మన ఊరి షేంగా చట్నీ మనకే ఉంచుకుందాం.

అట్లని సున్నం పూర్తిగా బంద్ చేయకూడదు. పండ్లు, ఎముకలు చెడిపోతయి. తగ్గించాలె, తీసేయకూడదు.

నీళ్లు. రెండు కిలోల కుందేలు రోజుకు 100 నుంచి 300 మిల్లీలీటర్లు తాగుతది. మేతలో తడి ఎంత, ఎండ ఎంత అనే దాన్ని బట్టి మారుతది. పంజరానికి తగిలించే గొట్టం సీసాలో చుక్క చుక్క వస్తది. వెడల్పు గిన్నెలో పోస్తే ఎక్కువ తాగుతది. నేను బరువైన మట్టి మూకుడు పెట్టిన, తన్నినా బోర్లపడదు. పొద్దున చిన్న చెంబుతో కొలిచి పోస్త, రాత్రి మిగిలింది కొలిచి పుస్తకంలో రాస్త. కోన్ల లెక్క రాసిన అలవాటు ఇట్ల పనికొచ్చింది. మన దగ్గర ఉజనీ నీళ్లు నల్లాకు రోజూ రావు, బోరు నీళ్లు గిన్నెలకు తెల్లగా పొర కడతయి. బోరు నీళ్లు పోయవచ్చా అని అడిగిన. "నల్లా నీళ్లుంటే అవే పోయి. లేకుంటే బోరు నీళ్లు మరిగించి, చల్లార్చి, తేట పోయి. నీళ్లలో సున్నం ఉన్నదని తక్కువ పోస్తే అదే పెద్ద నష్టం" అన్నది.

ఎండకాలం మన ఊర్లో 40 డిగ్రీలు దాటుతది. కుందేలుకు 30 దాటితేనే కష్టం. దానికి చెమట పట్టదు, చెవుల్లోంచే వేడి పోవాలె. తడిచేత్తో చెవులు తుడవండి. సీసాలో నీళ్లు గడ్డ కట్టించి గుడ్డ చుట్టి పక్కన పెట్టండి, అది ఆనుకొని పండుకుంటది.

కింద పరిచే బట్ట గురించి ఒక మాట. టెర్రీ టవల్ పరచకండి. దాని దారపు కుచ్చుల్లో గోర్లు ఇరుక్కుంటయి, కొరికి మింగితే పేగుకు అడ్డం పడతయి. మన పాత సోలాపురి చద్దరు, గట్టి నేతది, మడిచి వేస్తే చాలు. రోజూ మార్చాలె. తడి బొచ్చును గోరువెచ్చని గుడ్డతో తుడిచి ఆరబెట్టాలె, లేకుంటే చర్మం ఉడికి పుండు పడుతది. వానకాలం ఆ తడి మీద ఈగలు గుడ్లు పెడితే పురుగులు పడతయి. మొత్తం కుందేలుకు స్నానం మాత్రం చేయించకండి, భయానికే చనిపోవచ్చు. చెవులు పట్టి ఎత్తకండి. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనక కాళ్ల కింద పెట్టి ఎత్తాలె. రోజుకు మూడు నాలుగు గంటలు పంజరం బయట తిరగనియ్యాలె. తిరిగితేనే అడుగున మడ్డి పేరదు.

ఒకనాడు సెలైన్ పెడుతుంటే మా మనుమరాలు దాన్ని ఒళ్లో పట్టుకొని అడిగింది, "నాయనమ్మా, రాయి ఎప్పుడు కరుగుతది?"

కరగదు బిడ్డా అని చెప్పిన. నా కొడుకు నా దిక్కు చూసిండు, పిల్లకు అట్ల చెప్తరా అన్నట్టు. కానీ డాక్టరమ్మ నాతో అబద్ధం ఆడలేదు, నేను పిల్లతో ఎందుకు ఆడాలె? రాయి అట్లనే ఉంటది, నొప్పి లేకుండ ఉంచుడే మన పని అని చెప్పిన. ఆ రాయి కిందికి జారి గొట్టంలో అడ్డం పడితే మూత్రపిండం ఉబ్బుతది. అప్పుడు పెద్ద ఊరికి తీసుకపోయి పెద్ద ఆపరేషన్, అది గూడ బతుకుతదని చెప్పలేరు. మేం ముగ్గురం కూసొని మాట్లాడుకున్నం. అంతదాక వస్తే దాన్ని కోయించం. మందుకు నొప్పి ఆగనినాడు డాక్టరమ్మ చేత సూది వేయించి నిద్రలోనే పంపుదాం అని అనుకున్నం. మనుమరాలు ఏడ్చింది. మర్నాడు పొద్దున మూకుడు కడిగి, చెంబుతో నీళ్లు కొలిచి, పుస్తకంలో తానే రాసింది. ఆనాటి నుంచి పొద్దుటి లెక్క ఆమెదే.

దవాఖానకు పోయిననాడు పింజ బరువు 1 కిలో 550 గ్రాములు. నెల తర్వాత 1 కిలో 700. ఇప్పుడు 1 కిలో 850 దగ్గర నిలబడ్డది. వారానికొకసారి కిరాణా కొట్టు కాటా మీద తూచుతం, కొట్టాయన విసుక్కోడు. సెలైన్ వారానికి రెండుసార్లకు తగ్గింది. ఆరు నెలలకు మళ్లీ ఎక్స్‌రే తీస్తే రాయి అంతే ఉన్నది, పెరగలేదు. మూత్రసంచిలో మడ్డి పోయింది. పొద్దున గిన్నె చప్పుడుకు మళ్లీ ఉరికొస్తున్నది. రేపు ఎట్ల ఉంటదో తెల్వదు. ఈ పద్నాలుగు నెలలు మాత్రం గడ్డి తిన్నది, ఎండలో కాళ్లు చాపి పండుకున్నది.

మీ ఇంట్లో కుందేలు ఉంటే ఈ నాలుగు గుర్తు పెట్టుకోండి. పన్నెండు గంటలు ఏమీ తినకపోతే, పెంటికలు వేయకపోతే రేపటి దాక ఆగకండి. ఉచ్చకు కూసొని చుక్క రాకపోతే అదే గంటలో పోండి. వెనక భాగం తడిగా ఉంటే, పండ్లు గట్టిగ కొరికితే రెండు రోజుల్లో చూపించండి. ఏమీ లేకున్నా ఏడాదికి ఒకసారి చూపించి బరువు రాయించండి. పోయేటప్పుడు ఏం మేత పెడుతున్నరో, ఎన్ని నీళ్లు తాగుతున్నదో కాగితం మీద రాసుకపోండి. డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న అదే.

ఇంకా కుందేలు తేవని ఇండ్లకు ఒక మాట. పిల్ల ఏడ్చిందని పండుగనాడు కొనకండి. అది ఎనిమిది, పదేండ్లు బతికే ప్రాణి. రోజూ గడ్డి తెచ్చే మనిషి ఇంట్లో ఎవరో ముందు తేల్చుకొని, అప్పుడు తెండి.

వచ్చే నెల మళ్లీ కలుద్దాం. ఎండలు ముదురుతున్నయి. పాళీకి పోయేవాళ్లు సీసా నిండ నీళ్లు పట్టుకపోండి, సాయంత్రానికి ఖాళీ చేసి తెండి.